నలభై ఏడు నుంచి నలభై ఏడుకి

రామాంజినప్పను జైలుకు పంపడానికే కిరణ్మయి మళ్ళీ ఆఫీసు మెట్లెక్కింది.

భర్త చైతన్య పోయి పద్దెనిమిది రోజులైంది. చిత్తూరులో కర్మలు ముగించుకుని, అత్తగారు ఛాయాదేవిని వెంటబెట్టుకుని, ముందురోజే హెబ్బగోడిలోని అద్దె ఇంటికి తిరిగొచ్చింది. గురువారం పదకొండు గంటలకు విచారణ. కార్ఖానాల ఇన్‌స్పెక్టర్ హొసకోటెలోని ఆ టైల్స్ ఫ్యాక్టరీకే వచ్చి, అందరినీ అక్కడే కూర్చోబెట్టి అడుగుతాడు. ఆయన రాసే రిపోర్టును బట్టి పోలీసులు కేసు నడుపుతారు. ఇవాళ సోమవారం.

"వాళ్ళు ఏమడిగినా తడబడొద్దు," పొద్దున గడపలో నిలబడి ఛాయాదేవి అంది. చిత్తూరులో ఇరవై ఏళ్ళు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. మాట కూడా కత్తెర పెట్టినట్టే ఉంటుంది. "నా బిడ్డను చంపినోడు ఇంట్లో కూర్చుని అన్నం తింటాండాడు. వాడి పేరు నీ నోటితో చెప్పల్ల. అది విన్నాకే నేను ఊరికి పోయేది."

"చెప్తానత్తా," అంది కిరణ్మయి.

చెప్పాలనే అనుకుంది కూడా.

వాళ్ళ కంపెనీ కంట్రోల్ ప్యానెళ్ళు తయారు చేస్తుంది. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపించే ఇనప బీరువాలు అవి. వాటి కరెంటు డ్రాయింగులు కంప్యూటర్‌లో గీసేది కిరణ్మయి. గీసినవి చెక్ చేసి, తయారైన ప్యానెల్‌ను సైటుకు తీసుకెళ్ళి మొదటిసారి నడిపేది చైతన్య. మధ్యలో, వాళ్ళు షాపు అనే వర్క్‌షాపులో కూర్చుని ఆ బీరువాలో తీగలు వేసేది రామాంజినప్ప.

టైల్స్ ఫ్యాక్టరీలో మట్టి మోసే పొడవాటి కన్వేయర్ బెల్టు ఉంది. దాని పక్కన, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎవరికి ఏ ఆపద వచ్చినా ఆ తాడు లాగితే చాలు, బెల్టు ఆగిపోవాలి. మొదటి ట్రయల్ రోజున చైతన్య చొక్కా చేయి రోలర్ దగ్గర చిక్కుకుంది. తాడు లాగాడు. బెల్టు ఆగలేదు. సైటు ఎలక్ట్రీషియన్ రియాజ్ అరుచుకుంటూ పరిగెత్తి, ఆ చివరనున్న ప్యానెల్ హ్యాండిల్ దించేసరికి అంతా అయిపోయింది.

"మూడుసార్లు లాగారు మేడం," ఆస్పత్రి వరండాలో రియాజ్ గోడకు తల ఆనించి ఏడ్చాడు. "నేను చూశాను. మూడుసార్లు."

ప్యానెల్ తెరిచి చూస్తే కారణం కంటికి కనిపించింది. తాడు స్విచ్ తీగలు వచ్చి తగులుకునే రెండు టెర్మినళ్ళ మధ్య, ఇరవై ఒకటికీ ఇరవై రెండుకీ మధ్య, బెత్తెడు తీగముక్క. షాపువాళ్ళు దాన్ని లూప్ అంటారు. అది ఉంటే తాడు ఎంత లాగినా లాభం లేదు, కరెంటు పక్కదారిన పోతూనే ఉంటుంది. షాపులో ప్యానెల్‌ను పరీక్షించేటప్పుడు తాడు ఉండదు కాబట్టి తాత్కాలికంగా లూప్ పెడతారు. లారీ ఎక్కించే ముందు తీసేస్తారు. రామాంజినప్ప తీయడం మరిచిపోయాడు. అందరూ అన్న మాట అదే. కిరణ్మయి కూడా అదే నమ్మింది. నమ్మి, ఈ పద్దెనిమిది రోజులూ ఆ కోపం మీదే బతికింది.

గేటు దగ్గర అతనే నిలబడి ఉన్నాడు.

సస్పెండ్ చేశాక లోపలికి రానివ్వడం లేదు. యాభై అయిదేళ్ళ మనిషి, గడ్డం పెరిగిపోయి ఇంకో పదేళ్ళు మీదపడినట్టున్నాడు.

"అమ్మా, ఒక్క మాట."

"నీతో నాకు మాటల్లేవు."

"టెస్టింగు లూపు నేను మరిచిపోలేదమ్మా. టెస్టింగుకు నేను ఎర్ర వైరే ఏస్తాను. షాపులో ఎవరినైనా అడుగు. ఆడ దొరికింది గ్రే వైరు. లిస్టులో ఉండాదని ఏసినాను."

కిరణ్మయి ఆగింది. "లిస్టులోనా? నేను తీసిన లిస్టులోనా?"

"ఊనమ్మా. నలబై ఏడు నుంచి నలబై ఏడుకి అని ఉండాది. రెండుపక్కలా ఒకే నంబరు ఉంటే అది ఒకే తీగ కదా. కలిపినాను."

"ఏదీ ఆ లిస్టు?"

"ప్యానెల్ తలుపు జేబులో పెట్టి పంపినాను. ఇప్పుడు ఆడ లేదంటా ఉండారు."

"బాగుంది. చేతిలో లేని కాగితం మీద తప్పు నాది. చేతిలో ఉన్న లూప్ మాత్రం నీది కాదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసని ఊరంతా చెప్పుకుంటావు కదయ్యా, బెత్తెడు తీగ తీయడానికి చేతులు రాలేదా నీకు?"

ఆ మాటకు అతను కిందికి చూశాడు. కానీ కదల్లేదు.

"నిన్ను తప్పు పట్టను తల్లీ. ఒక్కసారి ఆ లిస్టు తీసి చూడు. నా మాట అబద్ధమైతే గురువారం నువ్వు ఏం చెప్పినా తల వంచుకుని నిలబడతాను."

అతన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదనిపించింది ఆమెకు. లిస్టు తీస్తుంది. గురువారం అందరిముందూ అతని మొహాన పెడుతుంది.

తన కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఆన్ చేసింది. పక్క కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి మెడ నొప్పి పుట్టేంత గట్టిగా తెర వైపే చూసింది.

ఈ సాఫ్ట్‌వేర్ వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు వైర్‌మెన్లు డ్రాయింగు చూసి తీగలు వేసేవాళ్ళు. ఇప్పుడు డ్రాయింగును సాఫ్ట్‌వేరే చదువుతుంది, ప్రతి తీగకూ అదే నంబరు వేస్తుంది, ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికో అదే లిస్టు రాసిస్తుంది. అది వచ్చినరోజే చైతన్య షాపులో గోడమీద కాగితం అంటించాడు: 'బొమ్మ చూడొద్దు, నంబరు చూడు.' బొమ్మ చూసి సొంత తెలివి వాడితే తప్పులొస్తాయని అతని నమ్మకం.

ప్రింటర్ నాలుగు కాగితాలు బయటికి తోసింది. మూడో కాగితం మధ్యలో ఉంది.

తీగ 47. టెర్మినల్ 21, నంబరు 47 నుంచి టెర్మినల్ 22, నంబరు 47కి.

కిరణ్మయి వేలు పెట్టి మళ్ళీ చదివింది. కాగితం పక్కన పెట్టి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివింది.

ఎవరో మార్చారు. మొదట తోచింది అదే. ఎవరో ఆ ముసలాడి మీద జాలిపడి, ఈ పద్దెనిమిది రోజుల్లో ఫైలు తెరిచి మార్చేశారు. చకచకా ఫైలు తారీకు చూసింది. జూన్ ఒకటి, సాయంత్రం అయిదుంబావు. షాపుకు లిస్టు ఇచ్చిన రోజు. ఆ తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అంటే ప్యానెల్‌తో పాటు వెళ్ళిన లిస్టు ఇదే.

పద్నాలుగో షీటు తెరిచింది. చూడ్డానికి ఆ షీటులో ఏ వంకా లేదు. నలభై ఏడో తీగ ఎడమనుంచి వస్తోంది, మధ్యలో తాడు స్విచ్ సింబల్, దాన్ని దాటి కుడివైపుకు పోతోంది. తీగ స్విచ్ దగ్గర తెగి, అవతల కొత్త నంబరుతో మొదలవ్వాలి. ఇటు నలభై ఏడైతే అటు నలభై ఎనిమిది. కానీ తెరమీద రెండువైపులా నలభై ఏడే ఉంది.

తాడు స్విచ్‌కు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సింబల్ లేదు. లేని సింబల్స్ మనమే తయారు చేసుకోవాలి. ఆ పనిలో కిరణ్మయికి సాటి లేరు. రెండేళ్ళలో నూట నలభై సింబల్స్ చేసింది. ఆఫీసంతా ఆ ఫోల్డర్‌ను 'కిరణ్ పోపులడబ్బా' అనేది. సింబల్ చేయడమంటే ఆకారం గీయడం ఒక్కటే కాదు. తీగ తగిలే రెండు కొసల్లోనూ కనెక్షన్ చుక్కలు పెట్టాలి. ఆ చుక్కలుంటేనే సాఫ్ట్‌వేర్ దాన్ని సింబల్‌గా గుర్తిస్తుంది, తీగను అక్కడ తెంపి నంబరు మారుస్తుంది. చుక్కలు లేకపోతే దానికి అది కనపడనే కనపడదు. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ కిరణ్మయి మొదటిరోజే చెప్పేది: "చుక్కల్లేకుండా ముగ్గే వెయ్యలేరు, సింబల్ ఎలా వేస్తారే?"

మౌస్‌తో ఆ సింబల్‌ను పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది.

కింద తీగ ఉంది. తెగకుండా, ఈ చివరనుంచి ఆ చివరికి, నిండుగా ఉంది.

సింబల్ వెనక తెల్లటి ముసుగు ఒకటి అతికించి ఉంది. అది తీగను కప్పేసింది. కంటికి తెగినట్టు కనిపించింది, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది తెగని తీగే. స్విచ్ దానికి అసలు లేనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరి. ఆర్డరు ఇంకా రాలేదు. కస్టమర్‌కు చూపించడానికి అందంగా ఒక డ్రాయింగు కావాలన్నారు. ఆ పూటకు చూపిస్తే చాలని ఆకారం మాత్రం గీసింది, వెనక తీగ కనపడి వికారంగా ఉందని ముసుగు వేసింది, చుక్కలు తరువాత పెడదామని పేరు పెట్టి దాచింది. ఏప్రిల్‌లో అసలు డ్రాయింగు గీసేటప్పుడు అదే పేరు కొట్టింది. అదే వచ్చింది. చక్కగా అమరింది.

సింబల్ వివరాలు తెరిచింది. తయారు చేసినవారు: కె.ఎం.

ఇంకే డ్రాయింగులో వాడారోనని మొత్తం వెతికించింది. ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క బెల్టుకే.

*

ఆమె ఏడవలేదు. ఒక ఆధారం కోసం పరిగెత్తింది. గీసింది తనే, ఒప్పుకుంది. కానీ గీసిన ప్రతి షీటూ ఇంకొకరు చెక్ చేస్తారు. అది ఆఫీసు కట్టుబాటు. ప్రింటు తీసి, లిస్టు పక్కన పెట్టుకుని, సరిపోయిన ప్రతి గీత మీదా పసుపు పెన్నుతో దిద్దుతారు, తప్పయితే ఎర్ర పెన్ను. ఈ పనిలో చైతన్య రాక్షసుడు. వెనక అందరూ అతన్ని 'పసుపు మాస్టారు' అనేవాళ్ళు. అతని కళ్ళు దాటి ఇది ఎలా వెళ్ళింది?

ఇనప బీరువాలోంచి చెక్ ప్రింట్ల ఫోల్డర్ లాగింది. మొత్తం ఇరవై రెండు షీట్లు. అందులో సగం జూనియర్ అర్పిత గీసినవి. వాటినిండా పసుపు, మధ్యమధ్య ఎర్రటి తిట్లు. 'అర్పితా, నిద్రపోతూ గీశావా?' అని ఒకచోట.

మిగిలిన పదకొండూ కిరణ్మయివి. తిప్పింది. తెలుపు. ఇంకొకటి తిప్పింది. తెలుపు. పద్నాలుగో షీటు కూడా తెల్లగానే ఉంది. ఒక్క పసుపు గీత లేదు. కింద 'చెక్ చేసినవారు' అన్న గడిలో మాత్రం పదకొండింటి మీదా చైతన్య సంతకం, ఒకే ఊపులో పెట్టినట్టు.

ఏప్రిల్‌లో ఆ షీట్లు ఇచ్చిన రోజు మధ్యాహ్నం తనూ చైతన్యా క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. డబ్బాలో నిమ్మకాయ పులిహోర.

"నా షీట్లు చూశావా?"

"అయిపోయాయి. పంపించేశా."

"పొద్దునిచ్చా కదా! అప్పుడేనా?"

"పెళ్ళాం వంటకీ పెళ్ళాం డ్రాయింగుకీ వంక పెట్టకూడదు."

"వంటకి రోజూ పెడుతూనే ఉన్నావుగా!"

"అందుకే డ్రాయింగుకి పెట్టలేదు. రెండింటికీ పెడితే నన్ను బయట పడుకోబెడతావు."

ఆమె నవ్వి అతని డబ్బాలోంచి వేరుశనగ గుళ్ళు ఏరుకుని తినేసింది. లోపల్లోపల కొంచెం గర్వపడింది కూడా. ఆఫీసులో పసుపు మాస్టారు చూడకుండా సంతకం పెట్టేది తన షీట్ల మీదేనని.

"లిస్టు తీశారా?"

వెనక నుంచి గొంతు వినిపించి ఉలిక్కిపడింది. డిజైన్ మేనేజర్ అమరనాథ్. ముళబాగిలు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి, ఎప్పుడూ గొంతు పెంచడు. టేబుల్ మీద ప్రింటు చూశాడు. తెల్లటి చెక్ ప్రింటు చూశాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

దాంతోనే ఆమెకు విషయం అర్థమైంది.

"మీకు ముందే తెలుసు," అంది.

అమరనాథ్ తన గదిలోకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో నూనె మరకల లిస్టు. రామాంజినప్ప ప్యానెల్ తలుపు జేబులో పెట్టి పంపింది. మూడో పేజీలో నలభై ఏడు పక్కన, వేసేశానన్న గుర్తుగా అతను పెట్టిన టిక్కు.

"ప్రమాదమైన మూడో రోజే నేను సైటుకి వెళ్ళి తీసేశా. ఇంకెవరూ చూళ్ళేదు."

"ఎందుకు సార్?"

"చూడండి కిరణ్మయీ. ఆ సింబల్‌లో చుక్కలు పెట్టి, లిస్టు మళ్ళీ తియ్యండి. రెండు నిమిషాల పని. నలభై ఏడు, నలభై ఎనిమిది వస్తాయి. ఆ లిస్టే గురువారం ఇద్దాం."

"రామాంజినప్ప?"

"మంచి లాయర్ని పెడదాం. వయసు చూసి వదిలేస్తారు. మహా అయితే లైసెన్సు పోతుంది."

"అతను చెప్పింది నిజం సార్."

"నిజమే. ఆ నిజం బయటికొస్తే ఇన్‌స్పెక్టర్ ఏం రాస్తాడో ఆలోచించారా?" అమరనాథ్ పద్నాలుగో షీటులోని సంతకం మీద వేలు పెట్టాడు. "'చనిపోయిన వ్యక్తే చెక్ చేయకుండా సంతకం చేశాడు' అని రాస్తాడు. మీ అత్తగారు ఎదురుగా కూర్చుని వింటారు. చైతన్య గురించి ఈ లోకంలో మిగిలేది ఆ ఒక్క లైనే. కంపెనీ సంగతి వదిలెయ్యండి. అది కావాలా మీకు?"

అతను కవరు తీసుకుని వెళ్ళిపోయాక కిరణ్మయి సింబల్‌ను తెరిచింది. ముసుగు తీసేసింది. ఎడమ కొసలో ఒక చుక్క, కుడి కొసలో ఒక చుక్క. తీసుకెళ్ళి తీగమీద పెట్టింది. తీగ తెగింది. కుడివైపు నంబరు దానంతటదే నలభై ఎనిమిది అయింది.

నిజంగానే రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండో లిస్టు ప్రింటు తీసింది. మొదట తీసినదీ ఇప్పుడు తీసినదీ, రెండు లిస్టులూ, పద్నాలుగో షీటు చెక్ ప్రింటుతో పాటు ఒకే సంచిలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

*

ఇంటికెళ్ళేసరికి ఛాయాదేవి చైతన్య చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఎవరికి ఇవ్వాలో తెలియదు, నలిగి ఉంటే చూస్తూ ఊరుకోలేదు, అంతే.

"కిరణా, ఇట్ల కూర్చో. నాకు అర్థమయ్యేట్టు చెప్పు. తాడు లాగితే ఎందుకు ఆగలేదు?"

"లూప్ ఉండిపోయిందత్తా. అందుకని…"

"అది తెలుసు. మూడుసార్లు లాగినాడంట కదా. మొదటిసారి ఆగకపోతే వేరే దోవ చూసుకోవాల్సింది. వాడు మళ్ళీ దాన్నే లాగినాడు." ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కి పట్టింది. "ఆగుతుందని నమ్మినాడు. మీరు చేసిన పని కదా, నమ్మడా మరి."

కిరణ్మయి నోరు తెరిచింది. "అత్తా, లూప్ వేసింది రామాంజినప్పే, కానీ…"

"కానీ ఏంది? కానీ లేదు గీనీ లేదు. వాడే చేసినాడు. గురువారం అదే చెప్పు."

కాలిన వాసన వచ్చింది. ఛాయాదేవి చప్పున ఇస్త్రీపెట్టె ఎత్తింది. కాలరు మీద గోధుమరంగు మచ్చ పడింది. ఆమె ఆ మచ్చను వేలితో రుద్దుతూ, పోకపోతే మళ్ళీ రుద్దుతూ, చివరికి ఆ చొక్కాను మొహానికి అదుముకుని కూర్చుండిపోయింది.

కిరణ్మయి ఆమె పక్కన కూర్చుంది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. మంగళవారం కూడా అనుకుంది. బుధవారం కూడా.

*

గురువారం పదకొండు గంటలకు టైల్స్ ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో టేబుల్ చుట్టూ అందరూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ పేరు మునినారాయణప్ప. కోలారు మనిషి, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాడు. ఛాయాదేవి గోడవారగా కుర్చీలో కూర్చుంది. కాళ్ళ దగ్గర ఆమె సంచి. విచారణ కాగానే అక్కడే, హైవే మీదే, చిత్తూరు బస్సు ఎక్కేస్తానంది. రామాంజినప్ప నిలబడే ఉన్నాడు. తలుపు అవతల అతని భార్య పిల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది.

ముందు అతన్నే అడిగాడు.

"ఎంత సర్వీసయ్యా నీది?"

"ముప్పై ఒకటి సార్."

"ముప్పై ఒక్క ఏళ్ళు తీగలు వేసినోడివి, ఎమర్జెన్సీ స్విచ్చికి అడ్డంగా లూప్ వెయ్యమంటే నీకు అనుమానం రాలేదా?"

రామాంజినప్ప ఒక్క క్షణం కిరణ్మయి వైపు చూశాడు. తరువాత ఛాయాదేవి వైపు.

"లేదు సార్. లిస్టులో ఉండాదని ఏసినాను."

"లిస్టు ఏదప్పా?"

అమరనాథ్ కిరణ్మయి వైపు తిరిగాడు. గదిలో అందరూ తిరిగారు.

సంచిలో రెండు లిస్టులున్నాయి. ఆమె చేయి లోపలికి పోయింది. చూడకుండానే ఏది ఏదో తెలుస్తోంది. పాతది చివర మడత పడి ఉంది. పద్దెనిమిది రోజులు ఆమెను నిలబెట్టిన కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. కళ్ళెత్తితే ఛాయాదేవి తలాడించింది, చెప్పు అన్నట్టు.

కిరణ్మయి మడతపడిన లిస్టు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఇదే సార్ ప్యానెల్‌తో వెళ్ళింది. మూడో పేజీ. నలభై ఏడు. ఆయన ఇందులో ఉన్నదే వేశాడు. ఆయన తప్పు లేదు."

అమరనాథ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ కాగితం చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

"మరి ఈ తప్పు ఎక్కడనుంచి వచ్చింది?"

"డ్రాయింగులోంచి. తాడు స్విచ్ సింబల్ నేను చేశాను. దానికి కనెక్షన్ చుక్కలు పెట్టలేదు. చుక్కలు లేకపోతే సాఫ్ట్‌వేర్ తీగను తెంపదు. రెండుపక్కలా ఒకే నంబరు వేస్తుంది."

"గీసింది మీరు. చెక్ చేసింది?"

ఆమె సంచిలోంచి పద్నాలుగో షీటు చెక్ ప్రింటు తీసి అతని ముందుకు జరిపింది. ఇన్‌స్పెక్టరే షీటు తిప్పి సంతకం చదివాడు. చదివి, గొంతు తగ్గించాడు.

"మీ యజమానరా? మీ ఆయనేనా?"

"అవును సార్."

"ఆయన చానా జాగ్రత్త మనిషి అని ఇక్కడ అందరూ చెప్పినారు. ఇంత తప్పు ఎందుకు పట్టుకోలేదమ్మా?"

"నేను గీసింది కాబట్టి సార్," అంది కిరణ్మయి.

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు, రాయబోయి ఆగాడు, తరువాత తల వంచుకుని రాసుకున్నాడు.

*

బయట ఎండ మండుతోంది. పిల్లమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ ఎత్తబోయింది. కిరణ్మయి ఆ చేతులు పట్టుకుని దించేసింది.

"నాకు దండం పెట్టొద్దమ్మా. పెడితే నేను నిలబడలేను."

రామాంజినప్ప కొంచెం దూరంగా ఆగాడు. వెళ్ళిపోవచ్చు, వెళ్ళడం లేదు. ఆమెకు అతను లోపల తన వైపు చూసిన ఆ ఒక్క క్షణం గుర్తొచ్చింది.

"ఆయన అడిగినప్పుడు అబద్ధం చెప్పావు కదూ," అంది. "నీకు అనుమానం వచ్చింది."

అతను మెడలోని తువ్వాలు సర్దుకున్నాడు.

"వచ్చిందా లేదా?"

"వచ్చిందమ్మా."

"మరి ఎందుకు వేశావు? ఎవరినీ అడగలేదా?"

"వదిలెయ్ తల్లీ. పోయినోళ్ళను ఎందుకు తవ్వేది?"

"ఏమన్నాడు?" కిరణ్మయి అతని దారికి అడ్డంగా నిలబడింది. "చెప్పు. ఏమన్నాడు?"

రామాంజినప్ప మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "షాపులోకి వచ్చినప్పుడు చూపించినాను. సార్, ఇది కలిపితే స్విచ్చి ఉండీ లేనట్టే కదా అన్నాను. నవ్వినాడు. 'మా ఇంటావిడ డ్రాయింగులో తప్పు పట్టేంత మొనగాడివా రామాంజినప్పా? లిస్టులో ఏముంటే అది వెయ్యి' అన్నాడు. నేనూ నవ్వినాను. నవ్వి ఏసినాను."

కిరణ్మయి వెనక సంచి కింద పెట్టిన చప్పుడైంది. ఛాయాదేవి. ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో.

ఆమె తిడుతుందనుకుంది కిరణ్మయి. కొడుతుందన్నా బాగుండుననుకుంది. ఛాయాదేవి కోడలి మొహంలోకి చూసింది, ఎవరో కొత్త మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు.

"ఇంకెవరు గీసినా చూసేవాడు," అంది.

కిరణ్మయి తలాడించింది. అబద్ధం చెప్పడానికి ఇక అందులో ఏమీ లేదు.

"అంతే కదా. నువ్వు గాక ఇంకెవరైనా అయ్యుంటే చూసేవాడు."

"అవునత్తా."

ఛాయాదేవి సంచి ఎత్తుకుని రోడ్డు వైపు నడిచింది. కిరణ్మయి నాలుగడుగుల వెనక నడిచింది. హైవే అంచున తుమ్మచెట్టు నీడలో పావుగంట నిలబడ్డారు. చిత్తూరు బస్సు వచ్చి దుమ్ము లేపుకుంటూ ఆగింది. ఛాయాదేవి ఎక్కింది, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది.

కండక్టరు తలుపులోంచి వంగి అడిగాడు. "మీరు కూడానా అమ్మా? రండి, సీటుండాది."

కిరణ్మయి ఒక కాలు మెట్టు మీద పెట్టింది. లోపలికి చూసింది.

ఛాయాదేవి తన సంచి తీసి పక్క సీటు మీద పెట్టింది. పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

"లేదండీ," అని కిరణ్మయి కాలు కిందికి దించింది. "నేను రావడం లేదు."